బేస్‌ను బ్యాండ్లుగా విడగొట్టాక పలచబడుతోందా? ముందు సబ్ సంగతి తేల్చుకో

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, చదివే మిగతావాళ్లకీ తెలుస్తుంది. సీరమ్ అనే సాఫ్ట్‌వేర్ సింథ్‌లో చేసిన రీస్ బేస్‌ను (అల్లాడుతూ మోగే ఒక రకం బేస్) మూడు మిక్సర్ ట్రాకుల్లోకి పంపావు. ఈక్యూలతో, అంటే ఫ్రీక్వెన్సీలను పెంచి తగ్గించే ఫిల్టర్లతో, ఒకదానిలో 100 హెర్ట్జ్ కింది భాగం (దీన్నే సబ్ అంటాం), రెండోదానిలో 100 నుంచి 1000 వరకు (ఇది మిడ్), మూడోదానిలో ఆ పైది ఉంచావు. మూడింటికీ డిస్టార్షన్, అంటే సౌండ్‌ను గరుకు చేసే ఎఫెక్ట్, పెట్టావు. స్టీరియోలో వెడల్పు కోసం మూడింటికీ ఒక పక్క 10 మిల్లీసెకన్ల డిలే ఇచ్చావు. సోలోలో వింటే ఒక్కొక్కటీ బ్రహ్మాండంగా ఉంది, కలిపితే పలచగా ఉంది. రుషికొండ దగ్గర కాలేజీ ఫెస్ట్‌లో పెద్ద బాక్సుల మీద వేస్తే కిక్ డ్రమ్ తప్ప కింద ఏమీ వినపడలేదు. ఎంవీపీ కాలనీలో నీ గదిలో మాత్రం కొన్ని నోట్స్‌కి కిటికీ అద్దాలు అదురుతున్నాయి. ఎక్కడ కోయాలి, ఖరీదైన మల్టీబ్యాండ్ ప్లగిన్ కొనాలా అని అడిగావు.

నేను సీతమ్మధారలో మిక్సింగ్ చేస్తుంటాను, చాలా ఏళ్లు స్టేజ్ సౌండ్ దగ్గరా పనిచేశాను. నువ్వు చెప్పిన లక్షణాలు నాకు బాగా తెలిసినవే. సౌండ్‌లో లోపం లేదు, విడగొట్టిన పద్ధతిలో ఉంది.

ఫెస్ట్‌లో బేస్ ఎందుకు మాయమైందో ముందు చూద్దాం, అది సులువు. ఎడమ పక్క అసలు సౌండ్, కుడి పక్క 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా అదే సౌండ్. హెడ్‌ఫోన్స్‌లో ఇది వెడల్పుగా వినిపిస్తుంది. కానీ 50 హెర్ట్జ్ తరంగం ఒక ఆవృత్తి పూర్తి చేయడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. 10 మిల్లీసెకన్లంటే సరిగ్గా అందులో సగం. అంటే ఎడమ పైకి వెళ్తున్నప్పుడు కుడి కిందికి వెళ్తోంది. స్టేజ్ మీద బేస్ బాక్సులకు వెళ్లే సిగ్నల్‌ను చాలా సిస్టమ్‌లలో మోనో చేసి, అంటే ఎడమ కుడి కలిపి ఒకటే చేసి, పంపుతారు. రెండు పక్కలూ కలవగానే 50 హెర్ట్జ్ పోయింది. 150, 250 దగ్గర కూడా అంతే. నీ బేస్ లైన్ జీ1 చుట్టూ తిరుగుతోందన్నావు, జీ1 అంటే 49 హెర్ట్జ్. ఇక మిగిలేదేముంది? సిస్టమ్ అద్దెకిచ్చిన వాళ్లను తప్పుపట్టాల్సిన పని లేదు.

కాబట్టి సబ్‌కి ఏ రకమైన వెడల్పూ వద్దు. కోరస్, యూనిసన్, రివర్బ్, డిలే ఏవీ వద్దు. సుమారు 120 హెర్ట్జ్ కింద ఉన్నదంతా ఎడమ కుడి రెండు పక్కలా ఒకేలా ఉండాలి. దీని మీద నాది మొండి అభిప్రాయమే, ఇప్పటిదాకా మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

రెండోది, కలిపితే పలచబడటం. నువ్వు మామూలు ఈక్యూలో లో పాస్ (పైదాన్ని కోసేది) 100 దగ్గర, హై పాస్ (కిందిదాన్ని కోసేది) 100 దగ్గర పెట్టావు. చాలా ఈక్యూల్లో తెరవగానే ఉండే స్లోప్, అంటే కోత ఎంత నిటారుగా ఉందో అది, ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ రెట్టింపయ్యే దూరానికి) 12 డెసిబెల్స్, ఫిల్టర్ బటర్‌వర్త్ అనే రకం. ఈ రకం ఫిల్టర్ సౌండ్‌ను తగ్గించడంతో ఆగదు, ఫేజ్‌ను, అంటే తరంగం తన ఆవృత్తిలో ఎక్కడుందో దాన్ని, కూడా తిప్పుతుంది. 100 హెర్ట్జ్ దగ్గర లో పాస్ దాన్ని 90 డిగ్రీలు వెనక్కి, హై పాస్ 90 డిగ్రీలు ముందుకు తిప్పుతాయి. రెండింటి మధ్య తేడా 180 డిగ్రీలు. ఉయ్యాలను ఒకరు ముందుకు నెడుతుంటే అంతే బలంతో ఇంకొకరు వెనక్కి లాగినట్టు, కలిసిన చోట కదలిక సున్నా. గొయ్యి సరిగ్గా 100 దగ్గరే ఉంటుందనుకోకు. డిస్టార్షన్ లేకుండా లెక్క వేసినా 67 నుంచి 150 హెర్ట్జ్ దాకా ఎక్కడ చూసినా సిగ్నల్ సగమో అంతకన్నా తక్కువో ఉంటుంది. అంటే బేస్‌కి ఒళ్లు ఉండే చోటంతా. 1000 దగ్గర ఇలాంటి గొయ్యి ఇంకొకటి.

ఒక బ్యాండ్ పొలారిటీ తిప్పితే, అంటే తరంగాన్ని తలకిందులు చేస్తే, గొయ్యి పోతుంది, కానీ అదే చోట 3 డెసిబెల్స్ గుట్ట లేస్తుంది. 24 డెసిబెల్స్ బటర్‌వర్త్ వాడినా అదే గుట్ట. స్పీకర్లు చేసేవాళ్లకు ఇది ఎప్పటినుంచో ఉన్న తలనొప్పి. హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీ అనే ఇద్దరు ఇంజినీర్లు దీనికి దారి చూపించారు. లింక్‌విట్జ్ పేపర్ 1976లో వచ్చింది. రెండు బటర్‌వర్త్ ఫిల్టర్లను వరసగా పెట్టి, కోసిన చోట ఒక్కో బ్యాండ్ 3 కాకుండా 6 డెసిబెల్స్ తగ్గేలా చేశారు. 24 డెసిబెల్స్ స్లోప్‌లో రెండు బ్యాండ్లూ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకే ఫేజ్‌లో ఉంటాయి, కలిపితే లెవెల్ సమంగా వస్తుంది. క్రాస్‌ఓవర్‌గా, అంటే సౌండ్‌ను బ్యాండ్లుగా విడగొట్టడానికే, తయారుచేసిన ప్లగిన్లలో ఎక్కువగా కనిపించేది ఈ లింక్‌విట్జ్ రైలీయే. అందుకే మామూలు ఈక్యూతో కోయకుండా, క్రాస్‌ఓవర్ పేరుతో ఉన్న పనిముట్టుతోనే కోయమంటాను.

ఇక్కడ చాలామంది జారే చోటు ఒకటుంది. లింక్‌విట్జ్ రైలీతో విడగొట్టి కలిపిన సౌండ్ లెవెల్ మారకపోయినా ఫేజ్ మారుతుంది. కోసిన చోట అది అసలు సౌండ్‌కి 180 డిగ్రీలు తేడాగా ఉంటుంది. ‘కొంచెం ఒరిజినల్ కూడా కలుపుదాం’ అని విడగొట్టని బేస్‌ను పక్కన సమానంగా పెట్టావనుకో, సరిగ్గా క్రాస్‌ఓవర్ దగ్గర మళ్లీ గొయ్యి పడుతుంది. డ్రై సిగ్నల్ (ఎఫెక్ట్ లేనిది) కావాలంటే అదీ అదే క్రాస్‌ఓవర్ గుండా వచ్చినదే అయి ఉండాలి. లీనియర్ ఫేజ్ స్ప్లిట్‌లో, అంటే ఫేజ్‌ను తిప్పని ఫిల్టర్లతో విడగొడితే, ఈ గొడవ ఉండదు. దానికి వేరే ధర ఉంది: లేటెన్సీ (సౌండ్ ఆలస్యంగా రావడం), ఇంకా ప్రతి దెబ్బకీ ముందు చిన్న ఊపులాంటి ప్రీ రింగింగ్. కింది ఫ్రీక్వెన్సీల్లో పదునుగా కోసేకొద్దీ అది పెరుగుతుంది. సాగే బేస్‌కి పర్వాలేదు, మీటినట్టు పొట్టిగా మోగే ప్లక్ బేస్‌కి గానీ కిక్‌కి గానీ నేను లీనియర్ ఫేజ్ వాడను.

నీ స్ప్లిట్ సరిగా ఉందో లేదో కనిపెట్టడం తేలిక. బ్యాండ్ల మీద ఉన్న ఎఫెక్టులన్నీ ఆపేసి, బేస్ బదులు పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ ఉండే హోరు) పంపు. వాక్సెంగో స్పాన్ అనే ఉచిత ఎనలైజర్‌లో స్ప్లిట్ ముందు, తర్వాత గీతలు పోల్చు. రెండూ ఒకేలా ఉంటే పునాది బాగుంది. ఎక్కడైనా గొయ్యో గుట్టో కనిపిస్తే, అది సరయ్యేదాకా డిస్టార్షన్ వైపు వెళ్లకు.

సరే, అసలు బేస్‌ను ఎందుకు విడగొడతాం? అందరూ చేస్తున్నారనో, ట్యుటోరియల్‌లో అలా ఉందనో చేస్తే నీకు జరిగినట్టే జరుగుతుంది. రీస్‌నే తీసుకో. డెట్రాయిట్ టెక్నో వాడైన కెవిన్ సాండర్సన్ 1988లో రీస్ అనే పేరుతో చేసిన రికార్డు నుంచి ఈ సౌండ్‌కి ఆ పేరొచ్చింది. రెండు సా తరంగాలను (రంపపు పళ్ల ఆకారంలో ఉండేవి) శ్రుతిలో కాస్త తేడాగా మోగిస్తే వచ్చే బేస్ అది. ఒకటి 50, ఇంకొకటి 50.5 హెర్ట్జ్ అనుకుందాం. పదో హార్మోనిక్ దగ్గర, అంటే అసలు ఫ్రీక్వెన్సీకి పది రెట్ల దగ్గర, అవి 500, 505 అవుతాయి, సెకనుకి ఐదుసార్లు అల్లాడతాయి. మనం ఇష్టపడే ఆ మెలికలు తిరిగే కదలిక అదే. కింద ఫండమెంటల్ దగ్గర, అంటే ఆ అసలు ఫ్రీక్వెన్సీ దగ్గర, మాత్రం ఆ రెండూ రెండు సెకన్లకోసారి ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేసుకుంటాయి. పైన అందాన్నిచ్చిన తేడాయే కింద నేలను లాగేస్తోంది. రీస్‌ను విడగొట్టడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తెలియదు.

ఇప్పుడు ఆలోచించు. నీ సబ్ బ్యాండ్‌లో ఉన్నది ఆ వచ్చిపోయే ఫండమెంటలే. దాన్ని ఎంత శుభ్రంగా కోసి పక్కన పెట్టినా వచ్చిపోతూనే ఉంటుంది, కంప్రెసర్ (లెవెల్‌ను సమం చేసే ఎఫెక్ట్) పెట్టినా లేనిదాన్ని తేలేదు. అందుకే నా సలహా ఇది: సబ్‌ను కోయకు, విడిగా తయారుచేయి. అదే మిడి క్లిప్‌ను (నోట్స్ రాసి ఉన్న ముక్క) ఇంకో ట్రాక్‌లో ఒకే ఒక్క సైన్ ఆసిలేటర్‌కి (హార్మోనిక్స్ లేని శుద్ధమైన స్వరం ఇచ్చేది) ఇవ్వు. వైటల్ అనే సింథ్ ఉచితంగా దొరుకుతుంది, దానితోనైనా చాలు. ప్రతి నోట్‌కీ ఫేజ్ ఒకే చోట మొదలయ్యేలా పెట్టు, లేకపోతే కిక్‌తో కలిసే తీరు నోట్ నోట్‌కీ మారుతుంది. మొదట్లో క్లిక్ రాకుండా ఎటాక్ (సౌండ్ పైకి లేచే సమయం) కొన్ని మిల్లీసెకన్లు ఇస్తే సరిపోతుంది. రీస్‌లో గ్లైడ్ (ఒక నోట్ నుంచి ఇంకోదానికి జారడం) ఉంటే సైన్‌కీ అదే గ్లైడ్ టైమ్ ఇవ్వడం మర్చిపోకు, జారేటప్పుడు రెండూ విడిపోతే పిచ్ తప్పినట్టు ఉంటుంది. రెండో ట్రాక్ వద్దనుకుంటే సీరమ్‌లోనే సబ్ ఆసిలేటర్‌కి డైరెక్ట్ అవుట్ ఉంది, అది ఆన్ చేస్తే సబ్ ఫిల్టర్నీ ఎఫెక్టులనూ తప్పించుకుని నేరుగా బయటికి వస్తుంది. విడి ట్రాకే మేలని నా మాట, ఫేడర్ చేతిలో ఉంటుంది.

ఇలా చేస్తే అసలు రీస్‌కి మిగిలేది ఒక్క హై పాస్. సబ్‌లో ఉన్నదీ రీస్‌లో ఉన్నదీ ఒకే సిగ్నల్ ముక్కలు కావు కాబట్టి, ఇందాక చెప్పిన ఫేజ్ చిక్కు చాలావరకు తగ్గిపోతుంది. రీస్ ఫండమెంటల్ మాత్రం ఎక్కడా మిగలకూడదు.

ఎక్కడ కోయాలి? 100 అనో 120 అనో ఒక అంకె చెప్పి వదిలేయలేను, ఎందుకంటే అది నీ నోట్స్‌ని బట్టి ఉంటుంది. ఎఫ్1 అంటే 43.65 హెర్ట్జ్, సీ2 అంటే 65.4, ఎఫ్2 అంటే 87.3. లైన్ ఎఫ్1 నుంచి సీ2 దాకా తిరుగుతుంటే ఫండమెంటల్స్ అన్నీ 66 లోపే ఉంటాయి. అన్నింటికంటే కింది నోట్ రెండో హార్మోనిక్ 87 దగ్గర మొదలవుతుంది. 75, 80 మధ్య కోస్తే ఏ నోట్ వాయించినా ఫండమెంటల్ సబ్‌లోనే, మిగతావి మిడ్‌లోనే ఉంటాయి. అదే లైన్ ఎఫ్2 దాకా ఎక్కితే 80 దగ్గరి కోత పనికిరాదు. పై నోట్స్ వచ్చినప్పుడు ఫండమెంటల్ కూడా మిడ్ బ్యాండ్‌లోకి పోయి డిస్టార్షన్‌లో పడుతుంది, ఒక నోట్ గుండ్రంగా, పక్క నోట్ గరుకుగా వస్తుంది. అప్పుడు కోతను 100, 110కి జరుపు. లేదా సబ్ ట్రాక్‌లో ఆ పై నోట్స్‌ని ఒక ఆక్టేవ్ కిందికి దించు. నేను రెండోదే ఎక్కువగా చేస్తాను. ముందు పియానో రోల్ (నోట్స్ అన్నీ కనిపించే తెర) తెరిచి అన్నింటికంటే పై నోట్ ఏదో చూసి, దాని ఫండమెంటల్‌కి కాస్త పైన మొదలుపెట్టు, ఆ తర్వాత చెవితో జరుపుకో.

ఇప్పుడు డిస్టార్షన్. బేస్ మొత్తాన్ని ఒకే డిస్టార్షన్‌లోకి పంపితే, సబ్ బలంగా ఉంటుంది కాబట్టి మిడ్‌లో ఉన్న సున్నితమైన కదలికంతా దాని ఊపుకి తగ్గట్టు నలిగిపోతుంది. ఇంటర్‌మాడ్యులేషన్ అనేది ఇదే: 50 హెర్ట్జ్, 310 హెర్ట్జ్ కలిసి వెళ్తే 260, 360 లాంటి కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. విడగొట్టి మిడ్‌కి మాత్రమే ఇస్తే ఈ నలుగుడు తగ్గుతుంది. ఇంతవరకు అందరూ చెప్తారు. అంతగా చెప్పనిది ఇంకొకటుంది. మిడ్ బ్యాండ్‌లో ఫండమెంటల్ లేకపోయినా దాని హార్మోనిక్స్ ఉంటాయి, పక్కపక్క హార్మోనిక్స్ మధ్య దూరం సరిగ్గా ఫండమెంటల్ అంతే. డిస్టార్షన్‌లో పడగానే ఆ తేడా మళ్లీ శబ్దంగా పుడుతుంది. అంటే హై పాస్‌తో నువ్వు తీసేసిన 44 హెర్ట్జ్‌ను డిస్టార్షన్ తిరిగి తెచ్చి పెడుతుంది. దాని ఫేజ్ ఎలా ఉంటుందో చెప్పలేం, రీస్ అల్లాడే కొద్దీ అదీ మారుతుంది, నీ శుభ్రమైన సైన్‌తో కొట్లాడుతుంది. అందుకని మిడ్ బ్యాండ్‌లో డిస్టార్షన్ ముందొక హై పాస్, తర్వాత ఇంకొక హై పాస్ తప్పనిసరి. తర్వాతిది పెట్టాక మిడ్ పొలారిటీని అటూ ఇటూ తిప్పి, ఎటు నిండుగా ఉంటే అటు వదిలేయి.

సబ్‌కి డిస్టార్షన్ అసలు వద్దా అంటే, కొంచెం సాచురేషన్, అంటే తేలికపాటి డిస్టార్షన్, మంచిదే, ముఖ్యంగా ఫోన్లలో వినేవాళ్ల కోసం. ఫోన్ స్పీకర్ 50 హెర్ట్జ్‌ను దాదాపు పలకలేదు. కానీ 100, 150, 200 హార్మోనిక్స్ ఓ మోస్తరుగానైనా చెవిన పడితే, లేని 50ని మెదడే ఊహించుకుని ఆ పిచ్‌లోనే వింటుంది. మద్దిలపాలెంలో ఆటోలో వెళ్తూ ఫోన్‌లో నీ పాట వినే వాడికి బేస్ అంటే ఈ హార్మోనిక్సే. కాబట్టి 150 నుంచి 400 వరకు ఉన్న ప్రాంతాన్ని ప్రేమగా చూసుకో. మన పాటల్లో డప్పు, తప్పెటగుళ్ల శాంపిళ్లు వేసినప్పుడు వాటి కింది దరువూ ఆ చుట్టుపక్కలే వచ్చి కూర్చుంటుంది. అక్కడ బేస్‌ను కాస్త తగ్గించి దరువుకి చోటిస్తే రెండూ బతుకుతాయి.

సబ్‌ను విడిగా పెట్టుకున్నందుకు ఇంకో పెద్ద లాభం సైడ్‌చెయిన్, అంటే ఒక సౌండ్ వచ్చినప్పుడు ఇంకోదాన్ని తగ్గించడం. కిక్ వచ్చినప్పుడు సబ్ ఒక్కటే తగ్గితే చాలు, మిడ్ తగ్గక్కర్లేదు. అప్పుడు పంపింగ్ (బేస్ మొత్తం ఊగినట్టుండటం) వినపడకుండానే కిక్‌కి దారి దొరుకుతుంది. 128 బీపీఎంలో (నిమిషానికి 128 బీట్లు) ఒక బీట్ 469 మిల్లీసెకన్లు, అందులో మొదటి 100, 150 మిల్లీసెకన్లు కిక్‌కి వదిలేసి ఆ తర్వాత సబ్ తిరిగి లేచేలా పెట్టుకో. కంప్రెసర్ వాడితే రిలీజ్‌ను (తగ్గించినదాన్ని తిరిగి వదిలే సమయం) మరీ చిన్నగా పెట్టకు. 50 హెర్ట్జ్ ఆవృత్తి 20 మిల్లీసెకన్లు కదా, రిలీజ్ అంతకంటే తక్కువైతే కంప్రెసర్ తరంగం ఆకారాన్నే వెంబడించి, నువ్వు అడగని డిస్టార్షన్ ఇస్తుంది.

నీ గది సంగతి. గోడకీ గోడకీ మధ్య 10 అడుగులు అనుకుందాం, అంటే 3.05 మీటర్లు. ఆ దూరానికి మొదటి రూమ్ మోడ్ (గోడల మధ్య సౌండ్ నిలిచి ఉబ్బే ఫ్రీక్వెన్సీ) సుమారు 56 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, ఏ1 నోట్ 55 హెర్ట్జ్. గోడ దగ్గర ఆ నోట్ ఉబ్బిపోతుంది, సరిగ్గా మధ్యలో కూర్చుంటే దాదాపు పోతుంది. కిటికీ అదిరిందని ఆ నోట్‌ను తగ్గించేస్తే బయట లైన్‌లో గుంట పడుతుంది. సబ్ లెవెల్‌ను గదిలో తేల్చకు. మంచి హెడ్‌ఫోన్స్‌లో విను, ఎనలైజర్‌లో సైన్ శిఖరం నోట్ నోట్‌కీ ఒకే ఎత్తులో ఉందో లేదో చూడు, మాస్టర్‌ను మోనో చేసి ఇంకోసారి విను. రుషికొండ లాంటి ఆరుబయట గోడల సాయం ఉండదు, పైగా స్టేజ్‌కి అటొకటి ఇటొకటి బేస్ బాక్సులు పెడితే మధ్యలో నిలబడ్డవాళ్లకు ఎక్కువ, పక్కలకు వెళ్తే కొన్ని నోట్స్ తక్కువ వినిపిస్తాయి. అది నీ మిక్స్‌తో సరయ్యేది కాదు, దానికోసం సబ్ పెంచకు.

మూడో బ్యాండ్ గురించి రెండు మాటలు చాలు. నీకున్న సమస్యకి రెండు బ్యాండ్లే సరిపోతాయి. పైన గరగర, గాలి లాంటిది ఇంకా కావాలనిపిస్తే మిడ్‌ను 1500, 2500 మధ్య ఎక్కడో విడగొట్టి, వెడల్పు, కోరస్, రివర్బ్ అన్నీ ఆ పై భాగానికే ఇవ్వు. నువ్వు వాడుతున్న 10 మిల్లీసెకన్ల డిలేకి కూడా సరైన చోటు అదే.

ప్లగిన్ కొనాలా అన్నావు, ఇప్పుడు వద్దు. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లలో చూస్తే, ఎఫ్ఎల్ స్టూడియోలో ఫ్రీక్వెన్సీ స్ప్లిటర్ ఉంది, రెండు గానీ మూడు గానీ బ్యాండ్లు చేస్తుంది, మామూలు ఫిల్టర్ కావాలో లీనియర్ ఫేజ్ కావాలో అందులోనే ఎంచుకోవచ్చు. ఏబుల్టన్ వాడేవాళ్లు ఆడియో ఎఫెక్ట్ ర్యాక్‌లో మూడు చెయిన్లు చేసి, ఒక్కోదాంట్లో మల్టీబ్యాండ్ డైనమిక్స్ పెట్టి ఒక్కో బ్యాండ్‌ను సోలో చేస్తే పని అయిపోతుంది, మూడింటిలోనూ క్రాస్‌ఓవర్ అంకెలు ఒకటే ఉండాలి. రీపర్‌లో జేఎస్ ఎఫెక్టుల్లో 3 బ్యాండ్ స్ప్లిటర్, దానికి జతగా జాయినర్ ఉన్నాయి. కిలోహార్ట్స్ మల్టీపాస్, ఫ్యాబ్‌ఫిల్టర్ సాటర్న్ లాంటి కొనే ప్లగిన్లు మంచివే, పని తొందరగా అవుతుంది. కానీ సబ్ విడిగా ఉండి, కోత నోట్‌కి తగ్గట్టు పడి, డిస్టార్షన్ తర్వాత హై పాస్ ఉంటే, ఉచితంగా ఉన్నవాటితోనే నీకు కావాల్సిన బరువు వస్తుంది. చేసి చూసి, సబ్ ఒకటి, మిడ్ ఒకటి, రెండూ కలిపింది ఒకటి, మొత్తం మూడు వేవ్ ఫైళ్లు పెట్టు, విని చెప్తాను.